శరత్తులో దక్షిణపు గోడ

వంగదేశములో కెమెరా చేతబట్టి తిరుగువారికి ఋతువులన్నియు సమానములు కావు. వేసవి ఎండ వస్తువుల రూపును తినివేయును. వానకాలమున పల్లెదారులు బురదలో మునిగియుండును. శీతకాలపు ఉదయములను పొగమంచు కప్పివేయును. ఇక మిగిలినది శరత్తు. వానలు వెనుకపట్టిన ఆ కొలది దినములలో ఆకాశము కడిగినట్లుండును. వరిపైరు ఇంకను పచ్చగా నిలిచియుండును. ఏటి ఇసుకతిన్నెల మీద రెల్లు తెల్లగా పూయును. దుర్గాపూజ సెలవులు రాగానే నేను నగరమును విడిచి బాంకురా జిల్లాలోని విష్ణుపురమునకును, దాని చుట్టుపట్ల పల్లెలకును పోవుట అనేక సంవత్సరములుగా అలవాటైనది.

విష్ణుపురము మల్లరాజుల రాజధాని. వంగభూమిలో చాల భాగము ఒండ్రునేల. మంచి రాయి అరుదు. అందుచేత ఇక్కడి శిల్పి మట్టినే నమ్ముకొన్నాడు. సుమారు 1600లో కట్టిన రాసమంచము, 1643 నాటి అయిదు శిఖరముల శ్యామరాయ మందిరము, రెండు పూరిండ్లను జతచేసినట్లుండు 1655 నాటి జోడుబంగ్లా, 1694 నాటి మదనమోహన మందిరము - ఇవన్నియు ఇటుకతో కట్టినవే. గుడి కప్పునకు పూరికప్పు వంపు వచ్చినది. గోడల నిండ కాల్చిన మట్టిపలకల మీద రామరావణ యుద్ధము, కృష్ణలీలలు, వేటలు, పడవలు వెలసినవి.

ఈ పలకలలోని బొమ్మలు లోతైనవి కావు. ఎండ ఎదురుగా పడినచో అవి చదునైపోవును. పక్కనుండి వాలుగా పడినప్పుడే ప్రతి వేలును, ప్రతి మడతయును నీడతో లేచి నిలుచును. ఇక్కడి గుళ్ళలో అనేకము దక్షిణాభిముఖములు. విష్ణుపురము కర్కాటకరేఖకు చేరువలో నున్నది గనుక, జూన్ నెల నడుమ సూర్యుడు తూర్పునకు ఉత్తరముగా ఉదయించి నడినెత్తికి ఎక్కును. దక్షిణపు గోడ రోజంతయు ఇంచుమించు నీడలోనే యుండును. సెప్టెంబరు చివర విషువత్తు దాటిన పిమ్మట సూర్యుడు తూర్పునకు దక్షిణముగా పొడుచును. ఆనాటినుండి తొలికిరణమే ఆ గోడను ఒరసికొనుచు పోవును. శరత్తునకు నేను కాచుకొనియుండుటకు కారణము ఇది.

ఈ ఋతువు ఎవరికొరకును ఆగదు. సత్యజిత్ రాయ్ 1952 అక్టోబరులో ‘పథేర్ పాంచాలి’ చిత్రీకరణను రెల్లుపొదలలో ప్రారంభించి, వారము తరువాత మరల పోయి చూడగా పశువులు ఆ పూలన్నిటిని మేసివేసినవి. మరల పూచువరకు, అనగా మరుసటి ఏడు వరకు, ఆయన ఆగవలసి వచ్చినది. రెల్లు మరల పూచును. రాలిన మట్టిపలక మరల పూయదు. ఈ సంగతి తెలిసినవాడు గనుకనే, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయములో పాఠములు చెప్పిన డేవిడ్ మెక్కచియన్ అను ఆంగ్లేయుడు పల్లెపల్లెకు తిరిగి ఇటుకగుళ్ళను వేలకొలది ఛాయాచిత్రములలో నిలిపినాడు. 1972లో కలకత్తాలో మరణించునాటికి ఆయన వయస్సు నలువది రెండైనను నిండలేదు. ఆయన తీసిన గుళ్ళలో కొన్ని నేడు ఆ చిత్రములలోనే మిగిలినవి.

ద్వారకేశ్వర నది ఒడ్డున ఒక పల్లెలో చిన్న గుడి ఒకటి కలదు. ప్రభుత్వ రక్షణ దానికి లేదు. దాని గోడపై తెడ్లు వేయు పడవవాండ్ర వరుస నాకు మిక్కిలి ఇష్టము. ఒక ఏడు పోయి చూడగా గ్రామస్థులు చందాలు వేసికొని గోడలో సగము సిమెంటు పూసి ఎఱ్ఱరంగు వేసియున్నారు. నా ముఖము చూచి వృద్ధుడైన పూజారి నెమ్మదిగా అన్నాడు: “కప్పు కారి దేవుని తల తడియుచున్నది, బాబూ. మీరు శరత్తులో వచ్చెదరు. మేము శ్రావణములో కూడ ఇక్కడనే యుందుము.”

సిమెంటు ఇటుకలోని చెమ్మను బయటికి పోనీయదనియు, లోపలి ఉప్పు పొంగి మట్టిని పొడిచేయుననియు, పాతవారి సున్నమే మేలనియు నేను చెప్పినాను. ఆయన శ్రద్ధగా విని, “సున్నపుపని తెలిసిన మేస్త్రీని చూపుడు” అన్నాడు. నాకు వెంటనే ఎవరును తోచలేదు. కాని నేను అంతకుముందు తీసిన చిత్రములు ఆయనకు పంపగా, వాటిని మంటపములో వరుసగా తగిలించినారు. పిల్లలు మిగిలిన గోడమీది పడవలను పటములోని పడవలతో సరిచూచి లెక్కపెట్టుచున్నారు. తక్కిన సగమునకు సిమెంటు పూయుటను పెద్దలు ప్రస్తుతమునకు ఆపినారు.

అది మొదలు నేను ప్రతి పలకను ఎదురుగా నిలిచి, పక్కన కొలబద్ద పెట్టి, వరుస తప్పక తీయుచున్నాను. అందమైన చిత్రము ఒకటి వచ్చినచో సంతోషమే. ఒక మేస్త్రీకి పనికివచ్చు చిత్రము వచ్చినచో మరింత సంతోషము. ఒక ప్రతి ఎప్పుడును ఆ పల్లెలోనే విడిచి వచ్చుచున్నాను. ఈ ఏడు శ్రావణములో కూడ అక్కడికి పోదలచినాను. కప్పు ఎక్కడ కారుచున్నదో శరత్తు వెలుగులో కనబడదు.