చెప్పితినమ్మా

మన సంఘములలో అనేక కుటుంబముల నుండి ఆడపిల్లలు నర్సు పనికి వెళ్ళియున్నారు. వారి తల్లిదండ్రులు దీనిని చదివి వారికి వినిపించవలెనని నా కోరిక. ఇది నా తప్పిదమును గూర్చినది గనుక వ్రాయుట కొంచెము కష్టముగానే యున్నది.

1986లో నేను ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డునందు రాత్రి డ్యూటీ చేయుచుంటిని. చదువు ముగించి రెండేండ్లయినది. ఒక దినము సాయంకాలము ఆరు గంటలకు పొరుగూరి చిన్నది ఒకతె తొలికాన్పు కనెను. బిడ్డ క్షేమము. పది గంటలకు ఆమె, క్రింద ఏదో ఒత్తుచున్నదని మూలుగసాగెను. గుడ్డలు చూచితిని, రక్తము మామూలుగానే యున్నది. నాడి పట్టితిని. సాయంకాలము 84 ఉన్నది, ఇప్పుడు 108. రక్తపు పోటు మాత్రము తగ్గలేదు. నా మనస్సు కీడు శంకించినది.

డాక్టరమ్మగారు పగలంతయు ఆపరేషన్లు చేసి క్వార్టర్సులో నిద్రించుచుండిరి. ఊరకనే లేపినదని ముందు వారమే మాలో ఒకతె చీవాట్లు తినియుండెను. నేను ఫోనులో అనిన మాట ఇది: “క్షమించండి డాక్టరమ్మగారూ, మూడో మంచం అమ్మాయి కొంచెం నొప్పంటున్నదండి.” కుట్లు వేసినచోట నొప్పి యుండునని, మాత్ర ఇమ్మని ఆమె చెప్పిరి. “అలాగేనండి” అని పెట్టివేసితిని. నాడి సంగతి నాలుక మీదికి వచ్చి ఆగిపోయెను.

వరండాలో ఆ చిన్నదాని తల్లి గోడకు ఆనుకొని కూర్చుండెను. “డాక్టరమ్మతో చెప్పినావా తల్లీ?” అని అడిగెను.

“చెప్పితినమ్మా” అంటిని.

పన్నెండు గంటలకు నాడి 128, పోటు 90/60. పెదవులు తెల్లబడినవి, ఒళ్ళు చల్లని చెమట. అప్పుడు నాకు చీవాట్ల భయము పోయినది. “డాక్టరమ్మగారూ, మూడో మంచం. కాన్పయి ఆరు గంటలు. నాడి 84 నుండి 128కి పెరిగింది, పోటు 90/60కి పడింది. పైకి రక్తం లేదుగాని క్రింద వాపు, తాళలేని నొప్పి. లోపల రక్తం కూడుతున్నదని నా అనుమానం. మీరిప్పుడే రావాలి.” ఆమె మారు పలుకలేదు. చెప్పులైనను తొడుగుకొనక వచ్చిరి.

రక్తము లోపలనే చేరి గడ్డకట్టినది. బయటికి రాలేదు గనుక గుడ్డలు నన్ను మోసపుచ్చినవి. రక్తము పోవుచున్నప్పుడు గుండె వేగముగా కొట్టుకొని పోటును కొంతసేపు నిలువబెట్టును. కాబట్టి నాడియే మొదట చెప్పును, పోటు ఆలస్యముగా చెప్పును. ఇది నాకు తెలియనిది కాదు, పరీక్షలో వ్రాసినదే.

గడ్డ తీసి, కుట్టి, అన్న ఇచ్చిన రక్తము ఎక్కించిరి. చిన్నది బ్రదికెను. చేతులు కడుగుకొనుచు డాక్టరమ్మగారు, “పది గంటలకు నాడి ఎంత?” అని అడిగిరి. చెప్పితిని. “ఆ అంకె నాకెందుకు చెప్పలేదు?” ఆమె కోపపడలేదు. కోపపడినయెడల నాకు సుళువుగా నుండెడిది.

నర్సు తనకు తోచినదానిని తోచనట్లే డాక్టరుకు సూచించు ఈ ఆటను గూర్చి 1967లోనే లెనార్డ్ స్టైన్ అను అమెరికా వైద్యుడు వ్రాసియున్నాడు. అది మర్యాద అని మేమనుకొంటిమి. నయమాను దాసులును మర్యాదగలవారే. అయినను కోపముతో వెళ్ళిపోవుచున్న యజమానుని దగ్గరకు వచ్చి స్పష్టముగా మాటలాడిరి.

చాలా ఏండ్లకు ఒక శిక్షణలో ఎస్‌బార్ అను పద్ధతి నేర్పిరి. అది అమెరికా నావికాదళపు జలాంతర్గాములలో పుట్టి తరువాత ఆసుపత్రులలోనికి వచ్చినదట. ఇప్పుడేమి జరుగుచున్నది, వెనుక సంగతియేమి, నాకేమి తోచుచున్నది, మీరేమి చేయవలెను, ఇంతే. నేను ఆ అర్ధరాత్రి భయముతో చెప్పినది ఆ వరుసయే! అయితే భయము వచ్చుటకు రెండు గంటలు పట్టెను. అందుచేత నా క్రింద పనిచేసిన పిల్లలను చార్టు చేత పట్టుకొనకుండ ఫోను ముట్టనిచ్చెడిదానను కాను. నిద్ర లేపినందుకు కసరు డాక్టర్లను నేను సమర్థించను. వారును ఈ పాఠము నేర్వవలసినవారే.

ఎనిమిదవ దినమున చిన్నదానిని ఇంటికి పంపిరి. తల్లి కొంగున పెసలు కట్టుకొని వచ్చి, “నీవు చెప్పబట్టి నా బిడ్డ దక్కింది తల్లీ” అని ఆ మూట నా చేతిలో పెట్టెను. నేను పుచ్చుకొంటిని. ఏ చెప్పుటను గూర్చి ఆమె అనుచున్నదో అడుగలేదు.