కీతో కలవకపోతేనేం వదినా

ఏం వదినా, రాత్రి మీ వాడి గదిలో లైటు ఎప్పటికీ ఆరలేదు. ఇంటిగ్రేషనే అయ్యుంటుందనుకున్నా. సెకండియరు పిల్లలున్న కొంపలో ఇంకేముంటుంది!

పొద్దున్నే గోడ దగ్గరికొచ్చి నోటుబుక్కు చూపించాడు లెండి. సైన్ ఎక్స్ ఇంటూ కాస్ ఎక్స్. వీడికి సైన్ స్క్వేర్ బై టూ వచ్చింది. పక్క బెంచీ కుర్రాడికి మైనస్ కాస్ స్క్వేర్ బై టూ. కీలో ఏమో మైనస్ కాస్ టూ ఎక్స్ బై ఫోర్. “మూడూ ఎలా రైటవుతాయి అత్తయ్యా?” అని మొహం వేలాడేసుకున్నాడు.

మూడూ రైటే వదినా! సైన్‌ని టీ అనుకుంటే ఒకటొస్తుంది, కాస్‌ని టీ అనుకుంటే ఇంకోటి, మొత్తాన్ని సైన్ టూ ఎక్స్‌లో సగంగా మారిస్తే మూడోది. నీ జవాబులోంచి వాడిది తీసెయ్యరా అన్నాను. సైన్ స్క్వేరూ కాస్ స్క్వేరూ కలిస్తే ఒకటి కదా, తేడా అర తేలింది. కీ జవాబుతో తేడా పావు. ఎక్స్ ఎంతయినా ఆ అరా, ఆ పావూ మారవు. అలాంటి స్థిరాంకాలన్నీ పోయి ప్లస్ సిలో కూర్చుంటాయి. మీ వాడు ఆ ప్లస్ సీనే రాయలేదు! ఏదో మార్కు కోసం పెట్టే తోక అనుకుంటారు ఈ పిల్లలు.

అసలు చిక్కంతా ఫస్టియరుది. పరీక్ష అవగానే ట్రిగనామెట్రీ ఫార్ములాలు అటకెక్కిస్తారు, తీరా ఇంటిగ్రేషన్ మొదలయ్యాక అవే కావాలి. సైన్ స్క్వేర్‌ని ఒకటి మైనస్ కాస్ టూ ఎక్స్, బై టూ అని విప్పుకుంటే ఎక్స్ బై టూ మైనస్ సైన్ టూ ఎక్స్ బై ఫోర్ అని చిటికెలో తేలుతుంది. సైన్ క్యూబ్‌కి ఆ దారి పట్టకూడదు. ఒక సైన్‌ని పక్కన పెట్టి, మిగతా సైన్ స్క్వేర్‌ని ఒకటి మైనస్ కాస్ స్క్వేర్ చేసి, కాస్‌ని టీ అనుకోవాలి. పవరు సరా బేసా అని చూడకుండా పెన్ను పెట్టేవాళ్ళకే తెల్లవారేది.

ఎందుకు పనికొస్తాయంటారా? మీ ఇంటి కరెంటు 230 వోల్టులంటాం గానీ, తీగలో అది 325 దాకా ఎగిరి మైనస్ 325 దాకా పడుతుంటుంది. సైన్ స్క్వేర్ సగటు సగం కనక 325 వర్గంలో సగానికి వర్గమూలం తీస్తారు, ఆ 230 అలా వచ్చిందే.

సెక్ ఎక్స్ దగ్గర మాత్రం పిల్లల్ని తిట్టబుద్ధి కాదు నాకు. పైనా కిందా సెక్ ప్లస్ టాన్‌తో గుణించమంటారు, అది ఎవరికి తడుతుంది చెప్పండి! 1569లో మెర్కేటర్ ఓడవాళ్ళ కోసం ప్రపంచ పటం గీశాడు. అందులో అక్షాంశాల ఎడం ఎంతెంత పెంచాలో తేలాలంటే సెక్ విలువల్ని కూడుకుంటూ పోవాలి. ఇంగ్లండులో ఎడ్వర్డ్ రైట్ అలాగే కూడి 1599లో పట్టిక అచ్చేశాడు. అప్పటికి న్యూటన్ పుట్టనే లేదు. తర్వాత హెన్రీ బాండ్ అనే ఆయన ఆ పట్టికను టాంజెంట్ల లాగరిథమ్ పట్టిక పక్కన పెట్టి చూస్తే అంకెలు కలిశాయట! ఎందుకు కలిశాయో రుజువు చేసింది జేమ్స్ గ్రెగొరీ, 1668లో. మహామహులే కీ చూసి లెక్క వెనక్కి చేశారన్నమాట. మనవాడు చూస్తే తప్పేం?

సాయంత్రం పంపండి వదినా, ఓ నాలుగు లెక్కలు చేయిస్తాను. ఈలోగా వచ్చిన జవాబును డిఫరెన్షియేట్ చేసి చూసుకోమనండి. మొదటి లెక్క తిరిగొస్తే, కీ ఏమన్నా సరే, వాడిది రైటే.