మొక్కు నడక, చందా నడక

రండి, కూర్చోండి. చలి ముదిరింది, మంటలో ఇంకో రెండు కట్టెలు వేశాను. ఇవాళ్టి కబురు నడక గురించి. షుగరొచ్చిందని డాక్టరు చెబితే పొద్దున్నే గ్రౌండు చుట్టూ తిరిగే నడక కాదులెండి, నలుగురి కోసం గుంపుగా నడిచే నడక.

సూర్యాపేట వాళ్లకు నడక కొత్తా? రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో గజ్జెల లాగులు తొడిగి, డోళ్లు కొడుతూ, ‘ఓ లింగా’ అంటూ గట్టెక్కే జనాన్ని చూడనివాళ్లెవరు? ఆ నాలుగైదు రోజులూ విజయవాడ హైవే మీద బండ్లు దారి మళ్లాల్సిందే. కాకపోతే అది మొక్కు నడక, ఎవరి మొక్కు వాళ్లది.

ఇంగ్లండులో చందా నడకలుంటాయి. అక్కడ మోర్‌కాంబ్ బే అని ఒక సముద్రపు పాయ ఉంది. ఆటుకు నీళ్లు మైళ్ల కొద్దీ వెనక్కిపోయి ఇసుక తేలుతుంది. ఆ తడి ఇసుక మీద వందలమంది పన్నెండు కిలోమీటర్ల పైన నడిచి అవతలి ఒడ్డు చేరతారు. మధ్యలో కెంట్ నది అడ్డం. అక్కడ ఒకరి వెనక ఒకరు పోకుండా పక్కపక్కన బారుగా నిలబడి మోకాలి లోతు నీళ్లలో దిగుతారు. ఒకే చోట అందరి కాళ్లూ పడితే ఇసుక మెత్తబడి ఊబవుతుందట. ‘నేను నడుస్తా, నువ్వు ఫలానా ఆస్పత్రికి ఇంత రాయి’ అని చుట్టపక్కాల దగ్గర ముందే రాయించుకుంటారు. ఇచ్చేదేదో ఊరికే ఇవ్వొచ్చుగా అంటారా? తిరుపతి మెట్లెక్కేవాణ్ని బస్సుందిగా అని అడుగుతామా!

నన్నడిగితే, నడిచేవాళ్లకన్నా నడిపించేవాడు గొప్పవాడు. 1963 నుంచి 2019 దాకా సెడ్రిక్ రాబిన్సన్ అనే జాలరి ఆ పని చేశాడు. రాచకొలువు తరఫున ఉద్యోగం, జీతం ఏడాదికి 15 పౌండ్లు, ఉండటానికో ఇల్లు. గుంపు రాకముందే తను వెళ్లి, కర్రతో ఇసుక పొడిచి చూసి, గట్టి నేల ఉన్నచోట కొమ్మలు పాతి వచ్చేవాడు. నది పాయ మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి పాత దారి పనికిరాదు. ఆ ఇసుక ఎంత ప్రమాదమో చూడండి: 2004 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడే గుల్లలేరుకునే కూలీలు, చైనా నుంచి పొట్ట చేతబట్టుకొచ్చినవాళ్లు, కనీసం 21 మంది పోటులో చిక్కి చనిపోయారు.

ఇక మన గడ్డ మీదికొద్దాం. 1951లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్నీ నల్లగొండ జిల్లాలోవే. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. ఆ వేడిలో వినోబా భావే కాలినడకన వచ్చాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. అక్కణ్నుంచి తెలంగాణ పల్లెలు తిరిగితే 51 రోజుల్లో 12 వేల ఎకరాలు దాటాయి. తర్వాత భూదానం పేరుతో దేశమంతా కలిపి లెక్క 40 లక్షల ఎకరాలు మించింది. నోట్ల కట్టలు కాదండీ, భూమి! అంతటి చందా నడక ప్రపంచంలో మరెక్కడా జరిగినట్టు నేను వినలేదు.

అయితే అందులో గుట్టలున్నాయి, కోర్టులో నలుగుతున్న చెలకలున్నాయి, కాగితం మీద తప్ప పేదవాడి చేతికి రాని ఎకరాలు లక్షల్లో ఉన్నాయి. ఇక్కడ 1965లో భూదాన చట్టమొచ్చింది. అయినా ఆ భూముల తగాదాలు నేటికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. వినోబా నడకలో లోపం లేదు. ముందే వెళ్లి నేల పొడిచి చూసి కొమ్మ పాతేవాళ్లే కరువయ్యారు.

కోదాడలోనో మిర్యాలగూడలోనో టీషర్టులు కుట్టించి టూకే రన్ పెట్టాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తప్పకుండా పెట్టండి, నేనూ వస్తా. బ్యానరు కట్టకముందే, వచ్చే డబ్బు చేరేది ఏ ఆస్పత్రికో, ఏ బడికో స్వయంగా వెళ్లి చూసి రండి. నడక అయ్యాక వచ్చిందెంత, ఇచ్చిందెంత అన్నది మీ ఊరి చౌరస్తాలో బోర్డు మీద రాసి పెట్టండి.