గాదంకి గాలి లెక్కలు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో చంద్రగిరి దాటి ఇంకొంత దూరం పోతే గాదంకి. చుట్టూ గుట్టలు, మధ్యన చదును నేల. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, అందరి నోటా నార్ల్, ఉన్నది అక్కడే. రాడార్ అనగానే గిరగిరా తిరిగే పెద్ద పళ్ళేన్ని ఊహించుకుని వెళ్ళినవాళ్ళకు ఇక్కడ కనిపించేవి నేలలో పాతిన లోహపు కడ్డీలు. ముప్పై రెండు వరసలు, వరసకు ముప్పై రెండు యాంటెన్నాలు, మొత్తం 1024. ఆ మైదానం ఒక్కో పక్క 130 మీటర్లు. ఏదీ కదలదు. యాంటెన్నాలకు అందే సంకేతాల మధ్య ఉండే చిన్న తేడాతోనే తరంగం కోరిన దిక్కుకు వంగుతుంది. ముంబైలోని సమీర్ సంస్థ నిర్మించిన ఈ ఎంఎస్‌టీ రాడార్ 1990ల తొలి ఏళ్ళ నుంచి పైగాలిని కొలుస్తోంది. చూడవచ్చినవాళ్ళ కళ్ళన్నీ కడ్డీల మీదే ఉంటాయి గానీ, ఈ ఆవరణలో తయారయ్యే అసలు సరుకు ఫైళ్ళు. నేను రాయదలచుకున్నది వాటి గురించే.

రాడార్ నడినెత్తికి ఒకసారి, నాలుగు దిక్కులకూ పది డిగ్రీలు వంచి ఒక్కోసారి 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పంపి, గాలి అలజడి నుంచి తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని పడుతుంది. ఎత్తులో 150 మీటర్లకొక మెట్టు చొప్పున అంకెలు వరసకడతాయి. ఆ అంకెల పైన ఒక చిన్న తలకట్టు ఉండాలి: ఏ దిక్కుకు పంపారు, ఎంతసేపటికొక తరంగం, ఎన్నింటిని కలిపి సగటు తీశారు, ధన సంఖ్య అంటే గాలి పైకి లేస్తున్నట్టా, కిందికి దిగుతున్నట్టా. నిలువు గాలి వేగం మామూలుగా సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. గుర్తు తారుమారైతే లేచే గాలి దిగే గాలి అయిపోతుంది. తలకట్టు లేని ఫైలును ప్రపంచమంతా చూసే భాండాగారంలో పెట్టినా, పెట్టనట్టే లెక్క.

బెలూన్ల సంగతి చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. 2006 ఏప్రిల్ నుంచి ఇక్కడ సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో రేడియోసాండ్ బెలూన్లు ఎగరేస్తున్నారు. అంతర్జాతీయ కాలమానంలో అది మధ్యాహ్నం పన్నెండు. ఫైల్లో ఏ గడియారమో రాయకపోతే, మన మధ్యాహ్నపు ఉరుములవాన వేరే దేశపు విద్యార్థి గ్రాఫులో రాత్రివానగా మారిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు పరికరాలది. ఇన్నేళ్ళలో వైసాలా కంపెనీవీ, మెయిసెయి కంపెనీవీ పలు రకాలు వాడారు. పై ఎత్తుల్లో తేమను ఒక్కో రకం ఒక్కో తీరుగా, కొన్ని కాస్త తక్కువగా, చూపిస్తాయి. ఫలానా రోజు నుంచి పరికరం మారిందన్న ఒక్క వాక్యం లేకపోతే, ఆ మార్పే వాతావరణ మార్పుగా చలామణీ అయిపోతుంది.

ఈ ఫైళ్ళను అలా అందరికీ తెరిచి పెట్టడానికి అభ్యంతరాలు లేకపోలేదు. చేను దున్నింది మేము, కుప్ప నూర్చుకునేది ఇంకొకరా అని పరిశోధకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొంత గడువు వరకు ఫైలును కొలిచినవాళ్ళకే ఉంచి, ఆ తర్వాత తెరిచి, వాడుకున్న ప్రతివాడూ వాళ్ళ పేరు ఉదహరించేలా ఫైలుకొక శాశ్వత సంఖ్య ఇస్తే సరిపోతుంది. గడువంటూ లేకుండా దాచుకోవడం మాత్రం హక్కు కాదు. ఆ కడ్డీలు ప్రజాధనంతో లేచినవి, ప్రభుత్వ ఖర్చుతో పుట్టిన సమాచారాన్ని పంచాలని 2012 నాటి జాతీయ విధానమే చెబుతోంది. విదేశీయులకెందుకివ్వాలన్నది రెండో మాట. బెలూన్లు మొదలైన ఆ 2006 ఏప్రిల్‌లోనే తైవాన్, అమెరికా కలిసి కాస్మిక్ ఉపగ్రహాలు ఎగరేశాయి. వాటి కొలతలు అందరికీ ఉచితం. అవి సరిగ్గా ఉన్నాయో లేదో గాదంకి బెలూన్లతో పోల్చి చూశారు, మనవాళ్ళు వాటినే వాడుకుని వ్యాసాలూ రాశారు. పుచ్చుకోవడం ఒప్పయినప్పుడు ఇవ్వడం తప్పెలా అవుతుంది?

తెలియనివాళ్ళు తప్పుడు అర్థాలు తీస్తారు, కాబట్టి తేడాగా కనిపించే అంకెలు తీసేసి శుభ్రమైనవే పెడదాం అన్నది మూడోది. నాకు అన్నింటికన్నా ప్రమాదకరంగా తోచేది ఇదే. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ తగ్గిపోతోందని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ ప్రకటించారు. వాళ్ళ ఆధారం నేల మీది కొలతలు. నాసా ఉపగ్రహం కూడా ఆ తక్కువ విలువలను చూసింది గానీ, 180 యూనిట్ల కన్నా తగ్గినవాటికి అనుమానపు గుర్తు తగిలేది. గుర్తు పెట్టారు, చెరిపేయలేదు. అందుకే వెనక్కి వెళ్ళి పాత ఫైళ్ళు తిరగేసి, ఆ రంధ్రం ఎంత మేర పరుచుకుందో 1986లో చూపించగలిగారు. శుభ్రం పేరుతో తుడిచేసి ఉంటే తిరగేయడానికి ఏం మిగిలేది?

అయితే తలకట్టు రాయడం విసుగు పని, దానికి ప్రమోషన్ రాదు. నిజం చెప్పాలంటే అడ్డంకి ఇదే. పైవన్నీ చాలావరకు సాకులు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌టీ రాడార్ వాడకం కోసమే యూజీసీ కేంద్రం ఉంది. ఈ అంకెలతో పీహెచ్‌డీ చేసిన విద్యార్థి సిద్ధాంత గ్రంథాన్ని శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాలన్నది యూజీసీ నిబంధన. ఆ గ్రంథంలోని గ్రాఫుల వెనకున్న సవరించిన ఫైళ్ళు, వాటిని సవరించిన ప్రోగ్రాములు ఎక్కడ పెట్టాలో మాత్రం ఆ నిబంధన అడగదు. అడగాలి, తలకట్టు సహా.