రైలీ కాయ: అడవి వాటా

బస్తరు సాలవనాలలో దొరకే దసలి కాయకు 'రైలీ' అని పేరు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ పట్టును 'కోసా' అంటారు. చాంపా మగ్గాలపై నేసిన కోసా చీరలోని తేనె వన్నె ఏ రంగరీ అద్దినది కాదు. పురుగు తన కాయకు తానిచ్చుకొన్నది. ప్రకృతిసిద్ధమన్న ఈ కీర్తియే ఆ వస్త్రానికి విలువ తెచ్చింది; దాని వెనుక అడవి చెల్లించే మూల్యాన్ని మరపించినదీ అదే.

మల్బరీ పట్టుపురుగు మనిషి తట్టలలో పెరిగి, ఎగరడం సైతం మరచిన ప్రాణి. కాయలనెన్ని ఉడికించినా మరుసటి పంట విత్తనం పెంపకందారు అధీనంలోనే ఉంటుంది. చెన్నూరు, మహాదేవపూర్ ప్రాంతాల దసలి రైతులు మద్దిచెట్లపై పురుగులను విడిచి, పక్షుల బారినుండి కాపు కాస్తారు. రైలీ అట్టి పోషణకు సులువుగా లొంగదు. ఎత్తయిన సాలవృక్షపు కొమ్మకు కాడతో ఉంగరంవలె చుట్టుకొని వేలాడే ఆ కాయకు అడవియే విత్తనశాల. దారం తీయడానికి కాయను ఉడికించినప్పుడు లోపలి ప్రాణితోబాటు అది పెట్టవలసిన సుమారు 200 గుడ్లూ నశిస్తాయి. అందని కాయలకై కొమ్మలు నరకడమూ కద్దు.

ఏరేవారిని నిందించడం తేలిక. అయితే గిరిజన కుటుంబానికి అది సంతలో చేతికందే రొక్కం. చిక్కంతా ధరలో ఉన్నది. చెక్కుచెదరని కాయకే గిరాకీ. రెక్కల పురుగు తొలుచుకొని వెలువడిన కాయనుండి తెగని పోగు రాదు. దానిని వడికితే ముడులుపడిన ఘీచా నూలు వస్తుంది. దానిని ముతకయని పెదవి విరిచే కొనుగోలుదారే ప్రకృతిసిద్ధమైన వస్త్రం కావాలనడం విడ్డూరం!

హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య పురుగు వెడలిపోయిన కాయలతోనే 'అహింసా పట్టు' నేయించారు. అక్కడ ప్రేరణ జీవకారుణ్యం. బస్తరులో అదే పద్ధతికి మరొక ప్రయోజనమున్నది: పురుగు ఎగిరిపోతే రానున్న ఏటి కాయ అడవిలో మిగులుతుంది.

ఇందుకై విత్తనపు కాయలను సేకరించి, అడవిలోనే దండలుగా వేలాడదీసి, పురుగులు జతకట్టి గుడ్లు పెట్టే వీలు కల్పించే శిబిరాలు బస్తరులో నడిచాయి. ఆ కాయలకు వర్తకుడిచ్చే ధరకంటె తక్కువ ముట్టజెపితే అవి శిబిరానికి చేరవు, సంతకే పోతాయి.