కళ్లు దిద్దిన చెయ్యి

సంక్రాంతి దగ్గర పడుతుంటే విజయనగరంలో మా ఇంటి అటక మీంచి భోషాణం దిగేది. పాత చీర పేలికల్లోంచి కొలువు బొమ్మలు ఒక్కొక్కటీ బయటికొచ్చేవి. పెచ్చులూడిన మట్టిబొమ్మలకి రంగులెయ్యడం మామ్మ పని. పెరటి వసారాలో కూర్చుని వేలెడంత బొమ్మలకి కళ్లు దిద్దేది. పేరంటం వేళకి మాత్రం ముందుగదిలోకి వచ్చేది కాదు. భర్త పోయిన మనిషి మరి. వచ్చినవాళ్లు బొమ్మల్ని మెచ్చుకుంటే అమ్మ నవ్వి ఊరుకునేది. ఆ కళ్లు ఎవరు దిద్దారని ఎవరూ అడిగేవారు కాదు.

స్త్రీల సాహిత్యం మీద పరిశోధన చేసి డాక్టరేట్ పుచ్చుకున్నాను. గుర్తింపు లేని శ్రమ గురించి ఒక అధ్యాయమే రాశాను. అందులో మామ్మ కుంచె లేదు. ఆమె పోయి, ఆ భోషాణం నా వాటాకి వచ్చాక గానీ ఆ సంగతి తట్టలేదు.

నాలుగేళ్లుగా రంగులు నేనే వేస్తున్నాను. మొదటి ఏడు ట్యూబులోని ఆక్రిలిక్ రంగుని అలాగే పూసేస్తే పాలమ్మి ముక్కూ పెదవులూ పూడిపోయాయి. రంగుని నీళ్లతో పల్చన చేసుకుని, ఒక పూత ఆరాక రెండోది వెయ్యాలి. మరీ సన్న కుంచెలో రంగు బొమ్మని తాకేలోపే ఆరిపోతుంది. కాస్త లావుదైనా మొన చెదరని కుంచె మేలు. మోచేతులు బల్లకి ఆనించి, రెండు మణికట్లూ కలిపి పట్టుకుంటే వణుకు తగ్గుతుంది. కంటికి ముందు నల్ల గీత, దాని లోపల తెలుపు, ఆఖర్న పాప. "తొందరేటే గుంటా, తడారనీ" అని మామ్మ కసిరేది. పాఠమంతా ఆ మాటలోనే ఉంది.

హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల ఆట మీద 'లిటిల్ వార్స్' రాశాడు. అది మగపిల్లల ఆటని శీర్షిక కిందే చెప్పి, అలాంటి ఆటలిష్టపడే తెలివైన ఆడపిల్లలకి ఓ మూల చోటిచ్చాడు. అలాంటి ఆటల కోసం బొటనవేలంత సైనికులకి రంగులెయ్యడాన్ని ఇవాళ పెద్దవాళ్లు ఏళ్ల తరబడి సాధన చేస్తున్నారు. నేను నేర్చుకున్న మెలకువల్లో చాలా భాగం వాళ్లవే. వాళ్లు దాన్ని విద్య అన్నారు, మేం పండగ పని అన్నాం. కొండపల్లిలోనూ తెల్లపొణికి చెక్కిన బొమ్మలకి రంగులద్దే పనిలో ఆడవాళ్లు ఎందరో. భౌగోళిక గుర్తింపు ఊరి పేరుకి వచ్చింది.

కిందటి సంక్రాంతికి పేరంటం పిలుపుల్లో భర్త ఉన్నదీ లేనిదీ చూడలేదు. పక్కవీధి పిన్నిగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "నేను రావొచ్చునేటమ్మా?" అన్నారు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. బొట్టు పెట్టబోతే వద్దన్నారు, బలవంతపెట్టలేదు. పాలమ్మి బొమ్మని తీసి ఆవిడ చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "కళ్లు బాగా దిద్దేవు. ఎవరు నేర్పేరు?" అన్నారు.

మామ్మ పేరు చెప్పాను. మా ఇంటి పేరంటంలో ఆ పేరు వినబడడం అదే మొదటిసారి.