కొసరాజు గారి వాపస్ రాస్తా



కొసరాజు అంటే మన ఇళ్లలో పెద్దవాళ్లకు పాత సినిమా పాటలు యాదికొస్తాయి. ఆ పాటలు రాసిన కొసరాజు రాఘవయ్య గారు వేరు. ఈ రోజు నేను రాసేది ఇంకో కొసరాజు గారి గురించి. పూర్తి పేరు కొసరాజు సాంబశివరావు. మన ఇళ్లలో ఇంజనీరింగ్ చదివే పిల్లల్ని అడిగి చూడండి, "కొసరాజు అల్గారిథమా, అది పరీక్షలో తప్పకుండా వస్తుంది" అంటారు. ఆ పేరు మన తెలుగువాళ్లదని మాత్రం చాలామందికి తెలియదు. కొల్లాపూర్‌లో ఉండే మా భాంజీ అయితే ఇంగ్లీషు పుస్తకంలో ఆ పేరు చూసి, ఎవరో జపాన్ ఆయన అనుకుందట!

ఈ పిల్ల గురించి కొంచెం చెప్పాలి. మా ఆపా పెద్ద కూతురు. మా దూల్హే భాయి మామిడి తోటలు గుత్తకు పడతారు. కొల్లాపూర్ మామిడి సంగతి మీకు తెలిసిందే కదా. పూత చూసి బేరం, కాయ దిగేదాకా గుండెల్లో గుబులు. ఏప్రిల్‌లో ఒక్క గాలివాన చాలు, సాలు మొత్తం కష్టం నేల మీద రాలిపోతుంది. పోయిన సీజన్‌లో అదే జరిగింది. ఇప్పుడు ఇంటి మీద కర్జా ఉంది. అదే సమయానికి పిల్లకు బీటెక్ అయిపోయింది, హైదరాబాద్‌లో ఒక కంపెనీ నౌకరీ ఇచ్చింది. అంతా ఖుషీ. కానీ పిల్ల గేట్ పరీక్ష కూడా రాసి ఉంది, మంచి ర్యాంకే వచ్చింది. "మామూ, నేను ఎంటెక్ చేస్తా. అల్గారిథంల థియరీ చదువుతా, తర్వాత పాఠం చెప్తా" అంటుంది. ఆపా నాకు ఫోన్ చేసి, "నీ మాట వింటుంది, నౌకరీలో చేరమని సమ్‌ఝాయించు" అన్నది.

సమ్‌ఝాయించే ముందు ఆ పిల్ల దేని మీద ఇంత మనసు పెట్టుకుందో నేను సమఝ్ చేసుకోవాలి కదా. ఆమెనే కూర్చోబెట్టి అడిగా. ఆమె చెప్పింది కొంత, నేను చదివి తెలుసుకున్నది కొంత కలిపి మీకు చెప్తున్నా.

సాంబశివరావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివారు. తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్. అక్కడి నుంచి అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీకి పోయి పీహెచ్‌డీ చేశారు. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనే గది నిండా పట్టే కంప్యూటర్ తయారైంది ఆ యూనివర్సిటీలోనే. ఆ తర్వాత బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పారు. అమెరికా సర్కారు తరఫున పరిశోధనలకు పైసలిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో, కంప్యూటింగ్ పునాదులకు సంబంధించిన విభాగానికి డైరెక్టర్‌గా కూడా పనిచేశారు. కంప్యూటర్ సైంటిస్టుల పెద్ద సంస్థ ఏసీఎం 1995లో ఆయనను ఫెలోగా ఎంచుకుంది.

ఇదంతా డిగ్రీల ఫెహరిస్తు. అసలు ఆయన చేసిన పని ఏమిటి? మన భాషలో చెప్పడానికి కోషిష్ చేస్తా.

ఈద్ నాడు షీర్ ఖుర్మా గిన్నెలు ఇంటింటికీ పోతాయి కదా. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి గిన్నె పోతే, కాగితం మీద ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి ఒక బాణం గీయండి. మా ఇంటి నుంచి ఖాలా ఇంటికి పోయింది. ఖాలా ఇంటి నుంచి చాచా ఇంటికి. చాచా ఇంటి నుంచి మళ్లీ మా ఇంటికి. చాచా వాళ్లు కొత్తగా కిరాయికి వచ్చిన టీచరమ్మ ఇంటికి కూడా ఒక గిన్నె పంపారు. కానీ ఆమె ఇంటి నుంచి మా మూడిళ్లలో దేనికీ ఏదీ రాలేదు, ఇంకా పరిచయం కాలేదు పాపం. టీచరమ్మ, ఆమె పక్కింటి కిరాణా సేట్ వాళ్లు మాత్రం వాళ్లలో వాళ్లు ఇచ్చి పుచ్చుకుంటారు.

ఇప్పుడు సవాల్ ఇది. ఈ మొహల్లాలో నిజంగా ఒకరితో ఒకరు కలిసి ఉన్న ఇళ్లు ఏవి? కలిసి ఉండడం అంటే, బాణాలు పట్టుకుని పోతే ఆ ఇంటికి చేరాలి, అక్కడి నుంచి బాణాలు పట్టుకునే వాపస్ రాగలగాలి. పోవడానికి మాత్రమే రాస్తా ఉంటే అది లెక్క కాదు. అయిదిళ్లయితే మనం చూసి చెప్పేస్తాం. వెయ్యి ఇళ్లుంటే? "ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పోగలమా" అని ప్రతి జంటకూ విడిగా అడిగితే దాదాపు పది లక్షల సవాళ్లు. ఒక్కో సవాలుకు జవాబు వెతకడానికి మళ్లీ మొహల్లా అంతా తిరగాలి. లక్ష ఇళ్లయితే ఆలోచించనే వద్దు.

కొసరాజు గారి తరీఖా రెండే చుట్లు. మొదటి చుట్టులో మా ఇంటి నుంచి బయల్దేరి బాణం ఎటు చూపిస్తే అటు నడవాలి. ఇక కొత్త ఇల్లు దొరకని చోట ఆగి, ఆ ఇంటి పేరు చిట్టీ మీద రాసి పెట్టి, ఒక ఇల్లు వెనక్కి జరగాలి. అక్కడి నుంచి ఇంకో కొత్త ఇల్లు ఉంటే అటు పోవాలి, లేకపోతే ఆ ఇంటి చిట్టీని ముందు చిట్టీ మీద పెట్టాలి. ఇలా చేస్తే అన్నిటికన్నా కింద సేట్ ఇల్లు, దాని మీద టీచరమ్మ ఇల్లు, ఆ పైన చాచా, ఖాలా, అన్నిటికన్నా పైన మా ఇల్లు ఉంటాయి.

రెండో చుట్టులో బాణాలన్నిటినీ ఉల్టా చేసేయాలి. అంటే గిన్నె ఎవరింటికి పోయింది అని కాదు, ఎవరింటి నుంచి వచ్చింది అని అడగాలి. పై చిట్టీ తీయండి, మా ఇల్లు. మాకు ఎవరింటి నుంచి వచ్చింది? చాచా నుంచి. చాచాకు? ఖాలా నుంచి. ఖాలాకు? మా నుంచే. ఖతం. ఈ ముగ్గురూ ఒక గుంపు, వాళ్ల చిట్టీలు పక్కన పెట్టేయండి. మిగిలిన వాటిలో పైన టీచరమ్మ. ఆమెకు చాచా నుంచి వచ్చింది, కానీ చాచా లెక్క అయిపోయింది. సేట్ వాళ్ల నుంచీ వచ్చింది. సేట్ వాళ్లకు టీచరమ్మ నుంచి. ఈ ఇద్దరూ రెండో గుంపు. లెక్క పూర్తి. ఎన్ని లక్షల ఇళ్లున్నా ఒక్కో బాణాన్ని రెండే సార్లు చూస్తే సరిపోతుంది.

ఇందులో రహస్యం ఏమిటంటే, బాణాలు ఉల్టా చేసినా రానూపోనూ దారి ఉన్న ఇళ్లు విడిపోవు. పోవడానికే దారి ఉన్న చోట మాత్రం తలుపు మూసుకుంటుంది. ఏ రిష్తా రెండు వైపులా ఉందో, ఏది ఒక్క వైపే ఉందో ఆ ఉల్టా చుట్టులో బయటపడుతుంది. ఈ లెక్క ఉత్త సరదా కాదు. 2000లో ఇంటర్నెట్ నక్షా గీయడానికి 20 కోట్లకు పైగా వెబ్ పేజీలను పరిశీలిస్తే, లింకులు పట్టుకుని పోయి మళ్లీ వాపస్ రాగలిగే నడిమి గుంపులో సుమారు 5.6 కోట్ల పేజీలే తేలాయి. మిగతా వాటిలో చాలా పేజీలకు పోవడమో రావడమో ఏదో ఒకటే ఉంది.

ఇదే పనికి అంతకు ముందు 1972లోనే రాబర్ట్ టార్జన్ అనే ఆయన ఒక్క చుట్టులో అయ్యే తరీఖా కనిపెట్టారు. అది కూడా అంతే వేగం, కానీ పిల్లలకు ఎక్కించడం కష్టం. కొసరాజు గారిది బోర్డు మీద గీసి చూపిస్తే పది నిమిషాల్లో తలకెక్కుతుంది. పాఠాలు చెప్పే సార్ల మధ్య ఒక ఖిస్సా తిరుగుతుంటుంది. కొసరాజు గారు ఒకరోజు టార్జన్ తరీఖా చెప్పాల్సి ఉండగా నోట్సు మర్చిపోయి క్లాసుకు వచ్చారట, అప్పటికప్పుడు ఆలోచించి ఇది చెప్పారట. నిజమో కాదో గానీ, ఇలాంటి ఖిస్సా పుట్టడానికి కూడా ఒక ఉస్తాద్ కావాలి.

నిజమని తెలిసిన సంగతి ఇంకా బాగుంటుంది. 1978లో ఆయన ఈ తరీఖా రాసి పెట్టుకున్నారు, కానీ అచ్చు వేయించలేదు. 1981లో మిఖా షరీర్ అనే ఇంకో సైంటిస్టు తన సొంతంగా ఇదే కనిపెట్టి అచ్చు వేశారు. అయినా ఆహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్‌మన్ అనే ముగ్గురు పెద్ద ఉస్తాదులు తమ పాఠ్యపుస్తకంలో కొసరాజు గారి పేరూ చెప్పారు, షరీర్ పేరూ చెప్పారు. ఎవరి హక్కు వాళ్లకు ఇచ్చేశారు. అందుకే అచ్చు కాని కాగితాల మీది ఇల్మ్ ఇవాళ కొల్లాపూర్ పిల్ల నోట్సులో ఉంది. అల్గారిథం అనే మాట కూడా పన్నెండు వందల ఏళ్ల కింద బగ్దాద్‌లో హిసాబ్ రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చిందే. లాటిన్‌లోకి పోయి, యూరప్ అంతా తిరిగి, మళ్లీ మన పిల్లల దగ్గరికి వచ్చింది.

ఆయన ఈ ఒక్క పనితో ఆగలేదు. 1982లో ఇంకో కఠినమైన సవాలు మీద రాశారు. అదీ మన భాషలోనే చెప్తా. గోదాంలో రకరకాల పెట్టెలున్నాయనుకోండి. కొన్ని సౌదాలే చేయడానికి ఇజాజత్ ఉంది, ఒక్కో సౌదాలో కొన్ని పెట్టెలు వస్తాయి, కొన్ని పోతాయి. ఏ రకమూ సున్నా కన్నా కిందికి పోకూడదు. ఇప్పుడున్న లెక్క నుంచి సరిగ్గా ఫలానా లెక్కకు చేరగలమా లేదా? వినడానికి మామూలుగా ఉంది. కానీ అవునో కాదో ఎప్పుడూ కచ్చితంగా తేల్చే తరీఖా అసలు ఉందా అనేది ఏళ్ల తరబడి తెగలేదు. 1981లో ఎర్న్‌స్ట్ మైర్ ఉందని నిరూపించారు. మరుసటి ఏడాదే కొసరాజు గారు ఆ నిరూపణను ఇంకా సులువు చేసి చూపించారు. తర్వాత పాల్ కల్లహాన్‌తో కలిసి, లెక్కలేనన్ని చుక్కల మధ్య దూరాలను ఒక్కొక్కటిగా కొలవకుండా, దూరదూరంగా ఉన్న గుంపులను జంటలుగా చేసి పని తేలిక చేసే తరీఖా ఇచ్చారు. పెద్ద గుట్టను చిన్న మెట్లుగా చేయడం, ఆయన పని అంతా ఇదే అనిపించింది నాకు. మంచి ఉస్తాద్ చేసే పని కూడా అదే కదా.

ఇప్పుడు మా ఇంటి మసలాకు వస్తా. దూల్హే భాయితో కూర్చుని మాట్లాడా. ఆయన కర్జా గురించి అంటారనుకున్నా. ఆయన ఫికర్ వేరే ఉంది. "నౌకరీ అయితే హైదరాబాద్. నాలుగైదు గంటల బస్సు. ఈద్‌కు వస్తుంది, అమ్మీకి బాగాలేకపోతే వస్తుంది. ఆ చదువు చదివితే అమెరికా పోతుంది. నువ్వు చెప్పే ఆ సారు వాపస్ వచ్చిండా?" అన్నారు.

నేను చప్పున జవాబు చెప్పలేదు. ఆయన మాటలో బలం ఉంది. పాలమూరు జిల్లాలో పుట్టినవాళ్లకు ఒంటి బాణం అంటే ఏమిటో ఎవరూ నేర్పనవసరం లేదు. బొంబాయి పోయినవాళ్లు, దుబాయి పోయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పీర్ల పండుగకు వచ్చిపోయేవాళ్లు కొందరు, పైసలు మాత్రమే వచ్చే ఇళ్లు కొన్ని, ఏమీ రాని ఇళ్లు కొన్ని. కొసరాజు గారి ఇల్మ్ బాల్టిమోర్ నుంచి కొల్లాపూర్‌కు చేరింది నిజమే. కానీ ఒక బాప్‌కు కావలసింది అల్గారిథం కాదు, బేటీ.

అయినా దూల్హే భాయితో రెండు మాటలన్నా. మొదటిది, హైదరాబాద్ నౌకరీ కూడా వాపస్ రాస్తాకు గ్యారంటీ కాదు. అదే కంపెనీ రేపు ఎక్కడికైనా పంపవచ్చు, పిల్లే వెళ్తానన్నా అనవచ్చు. రెండోది, ఈ చదువుకు ఇప్పుడు అమెరికాయే పోనక్కర్లేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఉంది, ఐఐటీల్లో ఉంది, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. గేట్ పాసై సర్కారీ సంస్థలో ఎంటెక్ చేరిన పిల్లలకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. తర్వాత పరిశోధనలో జేఆర్‌ఎఫ్ దొరికితే మొదటి రెండేళ్లు నెలకు 37,000. కర్జా తీరేంత కాదు. కానీ ఇంటి నుంచి పైసా అడగకుండా చదువుకోవడానికి సరిపోతుంది. చిన్నదాని కాలేజీ ఫీజు రెండేళ్లు నేను కడతా అని చెప్పా.

భాంజీ మాత్రం తన బాప్‌కు నాకన్నా బాగా చెప్పింది. "అబ్బా, మా కాలేజీలో ఈ పాఠం మొత్తం రెండు పేజీలు బట్టీ పట్టించారు. ఎందుకు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేదు. నేను యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నా. ఇక్కడి పిల్లలకు ఎవరో ఒకరు ఇక్కడే చెప్పాలి కదా" అన్నది. తిరిగి వస్తానని ఒట్టు పెట్టలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల దగ్గర ఒట్టు తీసుకోవడం నాకూ ఇష్టం లేదు. మహబూబ్‌నగర్‌లో 2008 నుంచి పాలమూరు యూనివర్సిటీ ఉంది, చుట్టూ ఎన్నో కాలేజీలున్నాయి, అన్నిటికీ సమఝ్ అయ్యేలా చెప్పే ఉస్తాదులు కావాలి. అది ఆమెకు తెలుసు.

దూల్హే భాయి ఇంకా హా అనలేదు, నా అనలేదు. అడ్మిషన్‌కు పన్నెండు రోజులుంది, నౌకరీలో చేరడానికి ఇరవై రోజులుంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పిల్ల ఉంటే ఒక్క పని చేయండి. తనఖా ఎంత అని అడిగే ముందు, నువ్వు నేర్చుకున్నదాంట్లో నీకు నచ్చింది ఏమిటో నాకు సమఝ్ అయ్యేలా చెప్పు అని అడగండి. ఈద్ గిన్నెలతో చెప్పినా సరే, మామిడి పెట్టెలతో చెప్పినా సరే. ఆ పిల్ల చెప్పగలిగితే, మీకు అర్థమైతే, ఆమెలో ఒక ఉస్తాద్ ఉందని అర్థం. ఉద్యోగాలు మళ్లీ వస్తాయి. పిల్లను దూరం పంపాలా వద్దా అని అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. వాపస్ రాస్తా తెరిచి ఉంచే పని ఆమె ఒక్కదానిదే కాదు, మనది కూడా. వచ్చినప్పుడు "ఇంత చదివి ఇక్కడికెందుకొచ్చావ్" అని అడిగే మొదటి మనిషి మన ఇంట్లోవాడు కాకుండా చూసుకోవాలి.

మా పిల్ల కోసం దువా చేయండి. దూల్హే భాయి కోసం కూడా.